ముందు దివిటీ, తర్వాతే టపాకాయ

(దీపావళికి ముందు ఆదివారం సాయంత్రం, గోదావరి జిల్లాలోని ఒక శాఖా గ్రంథాలయంలో విశ్రాంత రసాయనశాస్త్ర ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డవాళ్లు ముందుకి రండి, చాప మీద ఇంకా చోటుంది. పిల్లల్ని ముందు వరసలో కూర్చోబెట్టండమ్మా, ఇవాళ నేను మాట్లాడేది ఎక్కువగా వాళ్లతోనే.

నేను లోపలికి వచ్చినప్పటినుంచీ అందరి కళ్లూ ఈ మూల నిలబెట్టిన కట్ట మీదే ఉన్నాయి. "మాస్టారూ, ఆ కర్రలు దేనికండీ?" అని ఇందాక ఒకబ్బాయి అడిగాడు. ఇవి గోగు కర్రలు నాన్నా. నార వలిచేశాక మిగిలిన గోగు కాడలు. ఇలా రా, చేత్తో పట్టుకు చూడు. నిలువెత్తు కర్ర, బరువే లేదు కదూ? దీపావళినాడు ఈ కర్రతో ఏం చేస్తారో తెలిసినవాళ్లు ఒకసారి చేతులెత్తండి. ఒకటి, రెండు... ఆరుగురు. ఆరుగురూ అరవై దాటినవాళ్లే. నా చిన్నప్పుడు ఈ ఊళ్లో ఇది తెలియని పిల్లాడు లేడు. ఇవాళ నేను ఇక్కడికి వచ్చింది దీనికోసమే.

మా మామ్మ దీపావళి మధ్యాహ్నం నుంచే ఈ పనిలో ఉండేది. తాతయ్య పాత పంచె పీలికలుగా చింపి, ఒక్కో గోగు కర్ర కొసకి చుట్టి, బిగించి ముడేసి, నువ్వులనూనెలో నానబెట్టేది. ఇంట్లో ఎంతమంది పిల్లలుంటే అన్ని జతలు. కొత్తబట్టలు కట్టుకుని మేం అప్పటికే టపాకాయల పళ్లెం చుట్టూ తిరుగుతూ ఉండేవాళ్లం. చెయ్యి వెయ్యనిచ్చేది కాదు. "ముందు దివిటీ కొట్టండి, తర్వాతే టపాకాయ" అనేది. సంధ్య దిగి, దేవుడి దగ్గర దీపం పెట్టాక ఆ దీపంతో ఈ పీలికలు వెలిగించి మా చేతికిచ్చేది. వీధిగుమ్మం ముందు వరసగా నిలబడి, దివిటీ పైకెత్తి, గుండ్రంగా తిప్పి, నేలకేసి కొడుతూ అరిచేవాళ్లం:

దిబ్బు దిబ్బు దీపావళి
మళ్ళీ వచ్చే నాగులచవితి

మూడుసార్లు. వీధి ఈ చివర్నుంచి ఆ చివరిదాకా ఒకేసారి నిప్పురవ్వలు లేచేవి. ఆ తర్వాత కర్రలు ఓ పక్కన పడేసి, కాళ్లు కడుక్కుని, నోరు పుక్కిలించి లోపలికి వెళితే మామ్మ మిఠాయి ముక్క నోట్లో పెట్టేది. అప్పుడు టపాకాయల పళ్లెం మాది.

ఎందుకు ఎత్తి పట్టుకోమంటున్నావని ఒక ఏడాది అడిగాను. "మీ ముత్తాత దారి చూసుకోవద్దురా? ఇవాళ అమావాస్య. మీరు చూపించే వెలుగులోనే వెళతారు, బాగా ఎత్తి పట్టుకో" అంది. ఆ ఏడు నేను చెయ్యి నొప్పెట్టేదాకా దించలేదు.

పెద్దయ్యాక తెలిసింది, మామ్మ చెప్పింది ఉత్త మాట కాదు. భాద్రపద మాసంలో చివరి పదిహేను రోజులు మహాలయ పక్షం. పితృదేవతలు మనల్ని చూడ్డానికి దిగివస్తారని నమ్మకం. వచ్చినవాళ్లు తిరిగి వెళ్లేటప్పుడు, తులామాసంలోని చతుర్దశి, అమావాస్యల సాయంకాలం దారి చూపించాలంటుంది ధర్మశాస్త్రం. "ఉల్కాహస్తా నరాః కుర్యుః పితౄణాం మార్గదర్శనమ్" అని వాక్యం. చేతిలో దివిటీ పట్టుకుని పెద్దలకి దారి చూపండి అని. ఇదే ఉల్కాదానం. శ్లోకం ఏ పిల్లాడికీ రాదు, పంతులుగారిని పిలిచే పనీ లేదు. గోగు కర్రా, పాతగుడ్డా, రెండు చరణాల పాటా చాలు. అంత పెద్ద సంగతిని మన ఆడవాళ్లు పిల్లల ఆటలో పెట్టి ఇన్నాళ్లు మోసుకొచ్చారు. కొన్ని ఇళ్లలో గోగు బదులు ఆముదపు కొమ్మ, కొన్ని చోట్ల చెరకుగడ. ఏది దొరికితే అది.

దీపావళి అంటే నరకాసుర వధ అని మనందరికీ తెలుసు. లక్ష్మీపూజ అనీ తెలుసు. కానీ ఈ మూడో సంగతి, పోయినవాళ్లకి వెలుగు చూపించడం, జారిపోతోంది. నా మనసుకి దీపావళిలో అన్నిటికంటే లోతైనది ఇదే. ఇది మన గోదావరి జిల్లాలకే పరిమితం అనుకోకండి. కరీంనగర్‌లో కార్ఖానగడ్డ శ్మశానవాటిక ఉంది. దీపావళి వచ్చిందంటే అక్కడ కొన్ని దళిత కుటుంబాలవాళ్లు సమాధులకి సున్నం వేసి, పూలు చుట్టి, పోయినవాళ్లకి ఇష్టమైన పదార్థాలు వండి తెచ్చి, సాయంత్రం సమాధుల మీద దీపాలు వెలిగిస్తారు. పిల్లలు అక్కడే కాకరపువ్వొత్తులు కాలుస్తారు. శ్మశానంలో పండగేమిటని మొదటిసారి విన్నవాళ్లు ఉలిక్కిపడతారు. మామ్మ మాట విన్న నాకు మాత్రం అది మా వీధిగుమ్మం లాగే కనిపించింది. తాతని తలుచుకోవడానికి మేం దివిటీ ఎత్తాం, వాళ్లు తాత దగ్గరికే దీపం తీసుకెళ్లారు.

తెలంగాణలో ఇంకా చాలా ఉంది. నరక చతుర్దశి తెల్లవారుజామున ఇంటి ఆడపిల్లలు తండ్రికీ అన్నదమ్ములకీ బొట్టు పెట్టి మంగళహారతి ఇస్తారు. హారతి పళ్లెంలో వాళ్లు కానుక వేస్తారు. పెళ్లయిన ఆడపిల్ల ఆ హారతి కోసమే పుట్టింటికి వస్తుంది. చాలా ఇళ్లలో కేదారేశ్వరుడి నోము. లంబాడీ తండాల్లో పెళ్లికాని ఆడపిల్లలు దీపం పట్టుకుని ఇంటింటికీ వెళ్లి పెద్దల్ని దీవిస్తూ 'మేర' అనే పండగ కానుక అడుగుతారు. చిన్నవాళ్లు పెద్దల్ని దీవించడం! ఆదిలాబాద్ వైపు రాజ్‌గోండుల దండారి పండగ అయితే కొన్ని రోజులపాటు సాగుతుంది. నెమలి ఈకల కిరీటాలతో గుస్సాడీలు ఊరి నుంచి ఊరికి వెళ్లి ఆడతారు. మార్లవాయికి చెందిన కనకరాజుగారికి 2021లో పద్మశ్రీ వచ్చింది ఆ గుస్సాడీ నాట్యానికే. వీటిలో ఎక్కడైనా బాంబు ఉందేమో చూడండి. దీపం ఉంది, హారతి ఉంది, పాట ఉంది, డప్పు ఉంది.

ఇప్పుడు ప్రమిద సంగతి. ఇదుగో, ఇది మన ఊరి చివర కుమ్మరి వీధిలో నిన్న కొన్నాను. చెరువు మట్టి జల్లించి, తొక్కి, సారె మీద తిప్పి, వేలితో ఇక్కడ మూతి నొక్కుతారు. వత్తి ఆనడానికి. ఆ వేలి ముద్ర చూడండి, అచ్చులో పోసిన ప్రమిదకి ఇది ఉండదు. ఆరబెట్టి ఆవంలో కాలుస్తారు. దసరా వెళ్లాక వానపడితే వాళ్ల గుండెల్లో రాయే. ఆరని ప్రమిద ఆవంలో పగిలిపోతుంది. అందుకని, అమ్మా, మీరు బజారుకెళ్లినప్పుడు రంగుల ప్రమిదలు, మైనం నింపినవి, బ్యాటరీవి అన్నీ చూస్తారు. చూడండి. కానీ ఒక్క డజను మాత్రం వేలిముద్ర ఉన్నవి కొనండి. బేరమాడకండి.

కొన్నాక ఒక పూట నీళ్లలో నానబెట్టండి. మట్టి నిండా కంటికి కనపడని సందులుంటాయి. నేరుగా నూనె పోస్తే సగం మట్టే తాగేస్తుంది, అడుగున గచ్చు కూడా జిడ్డవుతుంది. ముందే ఆ సందులు నీళ్లతో నిండితే నూనె వత్తికి మిగులుతుంది. బయటి తడి ఆరాక నూనె పొయ్యాలి, లేకపోతే వత్తి చిటపటమంటుంది. నువ్వులనూనె నిదానంగా కాలుతుంది, ఆముదం ఇంకా నిదానం. రెండు వత్తులు కలిపి ఒకటిగా వెయ్యడం ఆనవాయితీ. గాలికి ఒకటి ఆరబోయినా రెండోది దాన్ని అందుకుంటుంది.

ఎక్కడెక్కడ పెట్టేవారో చెప్పనా? గుమ్మానికి రెండు వైపులా, తులసికోట దగ్గర, అరుగు మీద, అది అందరికీ తెలుసు. నూతి గట్టు మీద ఒకటి. పశువుల కొట్టంలో ఒకటి, గడ్డికి దూరంగా గూట్లో. ధాన్యం గాదె దగ్గర ఒకటి. ఇంకొకటి పెంటకుప్ప మీద. అవును, పెంటకుప్ప మీదే. అక్కడ దీపమేమిటని మీకు అనిపించవచ్చు. ఏడాదంతా చేనుకి ఎరువిచ్చేది అదేగదా! ఇంటికి అన్నం పెట్టే ఏ చోటూ ఆ రాత్రి చీకట్లో ఉండకూడదని మామ్మ లెక్క. మీ ఇంట్లో పెంటకుప్ప లేకపోతే మోటారు దగ్గర పెట్టండి, కుట్టుమిషను దగ్గర పెట్టండి, ఆటో నిలిపే చోట పెట్టండి. గుడ్డలకీ పెట్రోలుకీ దూరంగా.

ఇంకో మాట. మన వరిచేలకి పట్టే పురుగుల్లో ఒకదాని పేరు పచ్చదీపపు పురుగు. ఇక్కడ కూర్చున్న రైతులకి తెలుసు. ఆ పేరెందుకొచ్చింది? దీపం చూస్తే ఎగిరొచ్చి పడుతుంది గనక. ఈ రోజుల్లో, చేలు పొట్టకొచ్చి ఈనే వేళ, సాయంత్రం దీపం పెడితే చుట్టూ పచ్చగా రాలేవి అవే. పురుగుల్ని చంపడానికే దీపావళి పుట్టిందని కొందరు గట్టిగా చెబుతుంటారు, నేను అంతదూరం వెళ్లను. కానీ చేనుకీ దీపానికీ ఉన్న ఈ చుట్టరికాన్ని పేరులో దాచుకున్న రైతు కంటిచూపు గొప్పది.

సరే, బాణసంచా. చరిత్ర కొంచెం వినండి. 1030 ప్రాంతంలో మన దేశం గురించి రాసిన అల్‌బెరూనీ అనే మహాపండితుడు దీపావళిని వర్ణించాడు. స్నానాలు చేస్తారు, పండగ బట్టలు కడతారు, తమలపాకులూ వక్కలూ ఇచ్చుకుంటారు, గుళ్లకి వెళతారు, లెక్కలేనన్ని దీపాలు పెడతారు అని రాశాడు. బాణసంచా మాట లేదు. ఎలా ఉంటుంది? మందుగుండు అప్పటికి చైనా దాటి మన దాకా రాలేదు. నాలుగు శతాబ్దాలు గడిచాక, 1443లో పారశీక రాయబారి అబ్దుల్ రజాక్ విజయనగరం వచ్చి మహర్నవమి ఉత్సవాల్లో బాణసంచా చూసి ఆశ్చర్యపోయాడు. ఆ తర్వాత గజపతి ప్రతాపరుద్రదేవుడి పేరుమీద ఉన్న కౌతుకచింతామణి అనే సంస్కృత గ్రంథంలో బాణసంచా తయారు చేసే విధానాలే ఉన్నాయి. కొండవీటిని కూడా ఏలిన ఒడిశా రాజు ఆయన. 1515లో కృష్ణదేవరాయలు కొండవీడు గెలిచింది ఆయన దగ్గర్నుంచే. అంటే మన తీరాంధ్ర గాలిలో గంధకం వాసన అయిదువందల ఏళ్ల నాటిది. బాణసంచా మనది కాదని నేను అనను. కానీ దీపం అంతకంటే చాలా పెద్దది.

మాటలు కూడా ఆ కథే చెబుతాయి. మతాబు. పారశీకంలో మహతాబ్ అంటే వెన్నెల. అమావాస్యనాడు పిల్లాడి చేతిలో వెన్నెల! ఇంత అందమైన పేరు ఇంకే వస్తువుకీ లేదు. చిచ్చుబుడ్డి, కాకరపువ్వొత్తి, తారాజువ్వ, భూచక్రం, విష్ణుచక్రం, వెన్నముద్ద. అన్నీ కంటికి సంబంధించిన పేర్లే. ఇక చప్పుడు చేసేది చూడండి: సీమటపాకాయ. సీమచింత, సీమవంకాయ అంటాం కదా, సముద్రం దాటి వచ్చినదానికి మనవాళ్లు 'సీమ' తగిలిస్తారు. తాటాకు టపాకాయ ఇంటిది, సీమటపాకాయ చుట్టంగా వచ్చింది. చుట్టం వచ్చిన కొత్తలో ఓ మూల ఒద్దికగా కూర్చున్నాడు. ఇప్పుడు ఇల్లంతా అతనిదే అయింది.

మా ఇంట్లో మతాబులు ఇంట్లోనే కట్టేవారు. నవరాత్రులు అవగానే పాత పేపర్లు చుట్టి గొట్టాలు చెయ్యడం పిల్లల పని. మైదాపిండి ఉడికించిన జిగురు వేళ్లకి అంటుకుని ఎండిపోయేది. సురేకారం, గంధకం, బొగ్గు, ఇనుపరజను పొట్లాలు పెద్దవాళ్ల చేతుల్లోనే ఉండేవి. జిల్లేడు బొగ్గు అయితేనే మేలని మా బాబాయి పట్టుబట్టేవాడు. కూరిన వాటిని డాబా మీద ఎండబెట్టి, మబ్బు పడితే అందరం పరుగెత్తేవాళ్లం. ఇది చెప్పేటప్పుడు నా గొంతులో మురిపెం మీకు వినిపిస్తోంది, దాచను. కానీ పిల్లలూ, పెద్దలూ, ఇది గట్టిగా వినండి: లైసెన్సు లేకుండా మందు కలపడం ఇవాళ నేరం. అది న్యాయమైన చట్టమే. గంధకం, క్లోరేటు కలిపిన మందునైతే 1992లోనే దేశమంతా నిషేధించారు. రాపిడి చాలు, చిన్న దెబ్బ చాలు, పేలిపోతుంది. నలభై ఏళ్లు రసాయనశాస్త్రం చెప్పినవాణ్ణి, నేనే ఇంట్లో కలపను. ఫోనులో వీడియో చూసి ఎవరైనా మొదలుపెడితే వెళ్లి ఆపండి.

ఇంట్లో చేసుకోగలిగింది ఒకటుంది. మందు లేదు అందులో. ఉప్పు పొట్లం. తాటి బొగ్గు పొడిచేసి, కళ్లుప్పు కలిపి, పాతగుడ్డలో పొట్లం కట్టి, తాటికమ్మ చీలికల మధ్య బిగించి, తాడు కట్టి, నిప్పంటించి గిరగిరా తిప్పితే చుట్టూ నిప్పుల చక్రం. ఉప్పెందుకంటే, కళ్లుప్పు పలుకు లోపల కాస్త నీరు చిక్కుకుని ఉంటుంది. వేడికి అది ఆవిరై పలుకుని పగలగొడుతుంది. ఆ చిటపటే దాని పాట. తిప్పేది పెద్దవాళ్లు, బయలు స్థలంలో, గడ్డివాములకి దూరంగా, పక్కన నీళ్ల బకెట్టు పెట్టుకుని.

రంగులెలా వస్తాయని పిల్లలు అడుగుతారు. పొయ్యిలో ఉప్పు పడితే మంట పసుపుపచ్చగా మారుతుంది, చూసే ఉంటారు. అది సోడియం. ఎరుపు స్ట్రాన్షియం, ఆకుపచ్చ బేరియం, నీలం రాగి. తెల్లటి వెలుగు మెగ్నీషియం, అల్యూమినియంలది. చిచ్చుబుడ్డిలోంచి లేచే బంగారు పూలు ఇనుపరజను. ఇనుము గాలిలో మండుతూ ఎగరడమే ఆ పువ్వు. తరగతిలో ఇది చెప్పినప్పుడు పిల్లల మొహాలు వెలిగేవి.

ఇప్పుడు చెప్పబోయేది నేను బడిలో ఎప్పుడూ చెప్పలేదు. నాకు పదకొండేళ్లప్పుడు మా పక్కింటి స్నేహితుడికి తొమ్మిది. మేం వెలిగించిన చిచ్చుబుడ్డి ఒకటి బుసబుసమని ఆరిపోయింది. కాసేపు చూశాం. "ఆరిందేమో చూడరా" అన్నాను. నేనే అన్నాను. వాడు వంగాడు. ఆ క్షణంలో అది లేచింది. వాడి కేకకంటే ముందు నేను చూసింది బంగారు పూలు. ఎంత అందంగా ఉన్నాయో! అందుకే ఆ రాత్రి నాకు ఇప్పటికీ నిద్రలోకి వస్తుంది. వీధిలో పెద్దవాళ్లు కంట్లో ఏదేదో పిండారు, పొయ్యకూడనివి పోశారు, నలిపారు. పట్నం ఆసుపత్రికి చేరేసరికి తెల్లవారింది. కుడికన్ను పోయింది. అతను ఇవాళ మన మధ్య బతికే ఉన్నాడు, పిల్లల్ని చదివించుకున్నాడు, నన్ను ఒక్కనాడూ ఒక్క మాట అనలేదు. ఏటా అమావాస్యనాడు అతని ఇంటికి వెళ్లి ఇద్దరం కలిసి దీపాలు పెడతాం.

అందుకని ఈ నాలుగు ముక్కలు నా కోసం గుర్తుపెట్టుకోండి. వెలగని దాని మీదకి వంగకండి. మళ్లీ అంటించకండి. చాలాసేపు ఆగి, దూరం నుంచి నీళ్లు పోసి వదిలెయ్యండి. పోయింది ఒక చిచ్చుబుడ్డి, పోనివ్వండి. కంట్లో ఏదైనా గుచ్చుకుంటే నలపకండి, తీయకండి, కడగకండి. కన్ను మీద నొక్కుకోకుండా శుభ్రమైన కాగితపు కప్పులాంటిది అడ్డం పెట్టి నేరుగా కంటి డాక్టరు దగ్గరికి. మందుపొడి మాత్రమే పడితే శుభ్రమైన నీళ్లతో ధారగా కడుగుతూ ఉండాలి, తర్వాత డాక్టరు. చర్మం కాలితే ఇరవై నిమిషాలు కుళాయి నీళ్ల కింద పెట్టండి. సిరా, టూత్‌పేస్టు, పసుపు ఏదీ పూయొద్దు. హైదరాబాదులో సరోజినీదేవి కంటి ఆసుపత్రికి ప్రతి దీపావళి రాత్రీ పిల్లల్ని ఎత్తుకుని పరుగెత్తే తల్లిదండ్రుల్ని వార్తల్లో చూస్తూనే ఉన్నాం.

కాల్చేవాళ్ల సంగతి ఇది. తయారు చేసేవాళ్ల సంగతి? శివకాశి పేరు విననివాళ్లు లేరు. 1923లో అయ్య నాడార్, షణ్ముగ నాడార్ అనే ఇద్దరు కలకత్తా వెళ్లి అగ్గిపెట్టెల తయారీ నేర్చుకుని వచ్చారు. వానలు తక్కువ, ఎండ ఎక్కువ, చేతికి పనిలేని నేల. అగ్గిపెట్టెల వెనకే బాణసంచా వచ్చింది. దేశంలో కాల్చేదాంట్లో చాలా భాగం ఆ ఊరి చుట్టుపక్కలదే. 2012 సెప్టెంబరు 5న అక్కడ ముదలిపట్టిలో జరిగిన పేలుడులో దాదాపు నలభైమంది చనిపోయారు. అంతదూరం ఎందుకు? 2025 ఏప్రిల్ 13న మన అనకాపల్లి జిల్లా కైలాసపట్నంలో ఎనిమిదిమంది. అదే ఏడు అక్టోబరు 8న, పండగ ఇంకా రెండు వారాలు కూడా లేదనగా, కోనసీమ జిల్లా రాయవరం మండలంలో మళ్లీ మంటలు. మనం వెళ్లొచ్చే దారే. అంతకుముందు ఏడు, 2024 దీపావళి రోజునే, ఏలూరులో స్కూటరు మీద తీసుకెళుతున్న ఉల్లిపాయ బాంబుల సంచి గుంతలో కుదుపుకి పేలి మనిషి అక్కడికక్కడే పోయాడు. ఉల్లిపాయ బాంబుకి నిప్పుతో పనిలేదు, దెబ్బ చాలు. దయచేసి దాన్ని కొనకండి, కొనే పిల్లాణ్ణి చూస్తే చేతిలోంచి తీసుకోండి.

చట్టం ఏమంటుందో కూడా చెప్పాలి, క్లుప్తంగా. సుప్రీంకోర్టు 2018 అక్టోబరు 23న ఇచ్చిన తీర్పు ప్రకారం దీపావళి రాత్రి 8 నుంచి 10 వరకే కాల్చాలి. బేరియం లవణాలు వాడకూడదు, లడీలు, అంటే వరసగా గుచ్చిన టపాకాయల దండలు, కాల్చకూడదు. పొగ తగ్గించిన హరిత బాణసంచానే అమ్మాలి. పెట్టె మీద పర్యావరణ పరిశోధన చేసే నీరి సంస్థ గుర్తు, క్యూఆర్ కోడు ఉంటాయి, చూసి కొనండి. మామూలువాటికంటే దుమ్ము దాదాపు 30 శాతం తక్కువ. 30 శాతం తక్కువంటే 70 శాతం ఉందనే, అది మరిచిపోకండి. పేలినచోటికి నాలుగు మీటర్ల దూరంలో చప్పుడు 125 డెసిబెల్స్ దాటకూడదని ఇంకో నిబంధన.

ఇక్కడ నాకు నేనే ఎదురుచెప్పుకోవాలి. చప్పుడు లేనివన్నీ మంచివి, వెలుగిచ్చేవన్నీ మంచివి అని చాలా ఏళ్లు చెబుతూ వచ్చాను. 2016లో పుణేలో ఛెస్ట్ రీసెర్చ్ ఫౌండేషన్ వాళ్లు విద్యార్థులతో కలిసి ఒక్కో రకం కాల్చి పొగలో సన్నని దుమ్ము కొలిచారు. అన్నిటికంటే ఎక్కువ దేంట్లోదో చెప్పండి? పాముబిళ్ల. చిన్న నల్లబిళ్ల, చప్పుడే లేదు, పసిపిల్లల చేతికిచ్చేది. ఘనమీటరు గాలికి 64,500 మైక్రోగ్రాములు. చిచ్చుబుడ్డికి 4,860. కాకరపువ్వొత్తి కూడా 10,390. పిల్లలు దాని మీదకి మొహం పెట్టి చూస్తారు, పొగ తిన్నగా వాళ్ల ముక్కులోకే. ఆ లెక్క చదివాక మా ఇంట్లో పాముబిళ్ల ఆపేశాను. కాకరపువ్వొత్తి పట్టుకునే పిల్లాణ్ణి గాలికి ఎదురుగా కాకుండా పక్కకి తిప్పి నిలబెడుతున్నాను, చెయ్యి చాచి పట్టుకోమంటున్నాను. ఉబ్బసం ఉన్నవాళ్లు ఇంట్లో ఉంటే అదీ వద్దు, ప్రమిదలు చాలు.

ఏం పాపా, చెయ్యెత్తావు? లేచి చెప్పమ్మా... అందరికీ వినిపించిందా? "చప్పుడు చెయ్యకపోతే నరకాసురుడు పోయాడని ఎలా తెలుస్తుంది?" అంటోంది. చాలా మంచి ప్రశ్న. పోతన భాగవతంలో సత్యభామ కొంగు బిగించి, విల్లు పట్టి నిలబడుతుంది. అటు చూస్తే రౌద్రం, ఇటు కృష్ణుడి వైపు చూస్తే శృంగారం. చివరికి కృష్ణుడి చక్రం నరకుణ్ణి పడగొట్టింది. ఆ వెంటనే ఏం జరిగింది? వాడి చెరలో ఉన్న పదహారువేలమంది ఆడవాళ్లు బయటికి వచ్చారు. ఎన్నేళ్లనుంచో చీకటికొట్లో ఉన్నవాళ్లు. నువ్వే చెప్పు తల్లీ, అలాంటివాళ్లు గుమ్మం దాటి బయటికి వస్తుంటే మనం వాళ్ల చెవుల దగ్గర బాంబు పేలుస్తామా, దీపం పట్టుకుని ఎదురెళతామా? ...దీపం. విన్నారా? దీపమట. కృష్ణా జిల్లాలో చల్లపల్లి దగ్గర నడకుదురు అనే ఊరుంది, నరకుణ్ణి చంపింది అక్కడేనని వాళ్ల స్థలపురాణం. మీ నాన్నగారిని అడుగు, సెలవుల్లో తీసుకెళతారు.

ఇంక నేను ఎక్కువసేపు మాట్లాడను, చీకటి పడుతోంది. టపాకాయలు పూర్తిగా మానెయ్యమని నేను అడగడానికి రాలేదు. మతాబు వెలుగులో మనవరాలి మొహం చూడడం నాకూ ఇష్టమే. కాస్త నాగులచవితికి దాచుకోవడం కూడా ఇష్టమే. ఆ పాటలో ఉన్నదే అది. నేను అడిగేదల్లా వరస. ముందు దేవుడి దగ్గర దీపం, తర్వాత దివిటీ, తర్వాత వీధి నిండా ప్రమిదలు, ఆ తర్వాత ఏమైనా. పిల్లల చేత దివిటీ కొట్టించేటప్పుడు ఇంట్లో పోయినవాళ్ల పేర్లు ఒక్కొక్కటే చెప్పి కొట్టించండి. తాత పేరు తెలియని పిల్లలు మన ఇళ్లలో పెరుగుతున్నారు. కిందటేడు మా మనవరాలి చేత మా మామ్మ పేరు చెప్పించాను. "ఆవిడెవరు తాతయ్యా?" అంది. ఆ రాత్రంతా చెబుతూనే ఉన్నాను.

ఈ కట్టలో అరవై కర్రలున్నాయి, తలా ఒక జత. పాతగుడ్డ పీలికలు ఆ బుట్టలో. నూలుబట్టే, పట్టు, పాలిస్టరు కలవకుండా మా ఇంటావిడ ఏరి పెట్టింది. పాలిస్టరు కరిగి చేతిమీద పడుతుంది, ఇంట్లో కట్టేటప్పుడు చూసుకోండి. చుట్టడం నేను చూపిస్తాను, ముడి ఇలా రెండుసార్లు. నూనెలో ముంచి, కారకుండా పిండాలి. ఇవాళ వెలిగించం, అమావాస్య ఇంకా రాలేదు. ఉత్త కర్రతో కొట్టడం నేర్చుకుందాం. అమ్మా, ఆ వాకిట్లో లైటు వెయ్యండి. పిల్లలూ, చెప్పులు వేసుకుని ఒకరి వెనక ఒకరు రండి, మనిషికీ మనిషికీ చాచిన చేతంత ఎడం. కర్ర పైకెత్తండి. ఇంకా పైకి. ఆఁ, అలా. పాట అందరికీ వచ్చిందిగా?

దిబ్బు దిబ్బు...